మెదడుకి మెట్టిన కోడళ్ళు

నవలలు రాసుకునే దానికి మెదడులోని కణాల గొడవ దేనికమ్మా అనుకుంటున్నారా? ఆగండి. ఇందులో గురుశిష్యుల తగాదా ఉంది, పుట్టిల్లూ మెట్టినిల్లూ ఉన్నాయి. నవలకి ఇంతకంటే ఏం కావాలి?

మా పిఠాపురం వైపు పాత మండువా లోగిళ్ళు మీరు చూసే ఉంటారు. మెదడుని అలాంటి ఇల్లనుకోండి. ఆలోచించే నాడీకణాలు యజమానులు. పేరంతా వాళ్ళదే. వాళ్ళ మధ్య తిరుగుతూ చెత్త ఎత్తేదీ, దొంగ దూరితే పట్టుకునేదీ ఎవరో చాలాకాలం తెలియలేదు. 1856లో జర్మనీ వైద్యుడు విర్కో, నాడీకణాల మధ్య ఉన్నదంతా ఉత్త జిగురన్నాడు. గ్రీకులో 'గ్లియా' అంటే జిగురే.

స్పెయిన్‌లో, 1906లో నోబెల్ బహుమతి అందుకున్న కహాల్ గారి దగ్గర ఓర్టేగా అనే శిష్యుడుండేవాడు. 1919లో ఆయన వెండి లవణంతో కొత్తరకం రంగు వేసి చూస్తే, సన్నని కొమ్మలు చాచిన చిన్న కణాలు బయటపడ్డాయి. 'మైక్రోగ్లియా' అని పేరు పెట్టాడు. ఇవి బయటినుంచి మెదడులోకి వచ్చినవీ అన్నాడు. గురువుగారితో పొసగలేదు. మాటామాటా పెరిగి, 1920లో శిష్యుడు ఆ ప్రయోగశాలే వదలవలసి వచ్చింది. తర్వాత అంతర్యుద్ధం దేశాన్నే వదిలించింది. 1945లో బ్యూనస్ ఎయిర్స్‌లో పోయాడు.

ఆయన మాట నిజమేనని 2010లో ఎలుకల మీద తేలింది. ఈ కణాల పుట్టిల్లు పిండం పక్కనుండే పచ్చసొన సంచి. పిండదశలోనే మెదడుకి కాపురానికొచ్చి, అక్కడే సంతానం పెంచుకుంటాయి. మళ్ళీ పుట్టింటి ముఖం చూడవు! చచ్చిన కణాలని ఎత్తిపోస్తాయి. పసితనంలో నాడుల మధ్య అక్కర్లేని అతుకులు తుంచేస్తాయి. ఇక మెదడు చుట్టూ ఉన్న పొరల్లో వేరే రక్షక కణాలుంటాయి, వీధి అరుగుమీద కూర్చున్న చుట్టాల్లా. ఆ పొరల్లో శోషరస నాళాలున్నాయని 2015లో బాగా రుజువయింది. ఒంటి రక్షణతో మెదడుకి పొత్తులేదన్న పాతమాట చెల్లిపోయింది.

కాపలా మితిమీరినా కష్టమే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు వచ్చిన 329 మంది పిల్లల్లో 183 మంది చనిపోయారు. దాని వెనక చండీపుర వైరస్ ఉందన్నారు పరిశోధకులు. మెదడువాపు జబ్బుల్లో వైరస్ చేసే చెరుపు ఒకటైతే, దాన్ని తరమబోయి రక్షక కణాలు రేపే మంట మరొకటి. వాటిని చంపకుండా, కోపం మాత్రం చల్లార్చేదెలాగని ఇప్పుడు వెతుకుతున్నారు.

వెండి రంగు పడేదాకా ఇంట్లో కోడలున్నదనే ఎవరికీ తెలియలేదు. ఆమెకి కోపమెందుకొస్తుందో అడగడం మరీ ఆలస్యమైంది!