కోరంటి దవాఖానా నుండి దీర్ఘకాలిక సంరక్షణ వరకు

నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రిని హైదరాబాదులోని పాతతరం వారు నేటికీ 'కోరంటి దవాఖానా' అంటారు. 'కోరంటి' అంటే క్వారంటైన్. వెనిస్ రేవులో ఓడలను 40 రోజులు ఆపి ఉంచే ఆచారం నుండి ఆ మాట పుట్టింది. 'దవాఖానా' పారసీకం నుండి, 'ఆయా' పోర్చుగీసు నుండి మనకు వచ్చాయి.

ఈ పదాల వెనుక పని విభజన కూడా ఉంది. మందులు, సూదులు, కట్లు నర్సు బాధ్యత. స్నానం చేయించడం, తినిపించడం ఆయా, వార్డుబాయ్‌ల పని. 1947 నాటి భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం నర్సుల శిక్షణకు ఏకరూప ప్రమాణాలను ఏర్పరచింది. ఆయాలు దాని పరిధిలోకి రాలేదు.

జబ్బు పూర్తిగా నయం కాకపోయినా, నెలలు, ఏళ్ల తరబడి రోజువారీ పనుల్లో అందించే సాయాన్ని దీర్ఘకాలిక సంరక్షణ అంటాం. మంచం పట్టిన మనిషిని సాధారణంగా రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. ఆ పని చేసే ఆయాకే వీపుపై ఎర్రని మచ్చ ముందుగా కనిపిస్తుంది. ఆమె చెప్పకపోతే అది పుండుగా మారవచ్చు. అందుకే చూసినది నర్సుకు వెంటనే తెలపడం నేటి నర్సింగ్ అసిస్టెంట్ విధుల్లో ముఖ్యమైనది.

అభ్యాసం: మీ ప్రాంతపు ఆసుపత్రిలో ఈ పనులు చేసేవారిని ఏ పేర్లతో పిలుస్తారో సేకరించి, వారి విధులను పోల్చండి.