నీళ్ళలో ఫ్లోరైడ్ కలపాలా వద్దా? 10-3తో తేల్చేసిన ఒక సిటీ కథ

ఫ్లోరైడ్ అనే మాట వినగానే మన తెలుగు వాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే, నల్గొండ. వంకర పోయిన కాళ్ళు, పాతికేళ్ళకే వంగిపోయిన నడుములు, పచ్చబడిన పళ్ళు. మరి అదే ఫ్లోరైడ్‌ని మున్సిపాలిటీ వాళ్ళే డబ్బు ఖర్చు పెట్టి మరీ కుళాయి నీళ్ళలో కలుపుతారని చెప్తే? కలపడం ఆపేసినందుకు జనం గొడవ చేసి, ఓటేసి మరీ మళ్ళీ కలపమన్నారని చెప్తే? కెనడాలోని కాల్గరీలో సరిగ్గా ఇదే జరిగింది. ఈ ఎపిసోడ్ ఆ సిటీ కౌన్సిలర్ల గురించి. అంటే మన భాషలో కార్పొరేటర్లు.

ముందు కన్ఫ్యూజన్ ఒకటి తీసేద్దాం. ఇక్కడ విషయమంతా డోసులోనే ఉంది. మన దేశంలో తాగునీటికి బీఐఎస్ పెట్టిన లెక్క ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఓకే. వేరే నీళ్ళు దొరక్కపోతే 1.5 దాకా. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఈ గీతని ఎప్పుడో దాటేశాయి. కాల్గరీ తాగేది బో, ఎల్బో అనే రెండు నదుల నీళ్ళు. వాటిలో సహజంగా ఉండేది 0.1 నుంచి 0.4 మిల్లీగ్రాములే. దాన్ని 0.7కి తీసుకెళ్ళాలా వద్దా అన్నదే వాళ్ళ గొడవ. మనం గీతకి పైన మునిగిపోయాం, వాళ్ళు గీతకి కింద కొట్టుకుంటున్నారు.

ఈ కలపడం అనే ఐడియా అసలు ఎక్కడ మొదలైందంటే, అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ ర్యాపిడ్స్‌లో. 1945 జనవరి 25న అక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ కలపడం స్టార్ట్ చేశారు, ప్రపంచంలో అదే ఫస్ట్. పక్కనే మస్కీగన్ అనే ఊరిని ఏమీ కలపకుండా అలాగే ఉంచారు, పోల్చి చూడటానికి. మన భాషలో ఏ/బీ టెస్ట్. ప్లాన్ 15 ఏళ్ళకి. కానీ గ్రాండ్ ర్యాపిడ్స్ పిల్లల్లో పిప్పి పళ్ళు తగ్గుతున్నాయని తెలిశాక మస్కీగన్ వాళ్ళు ఆగలేదు. 1951లో వాళ్ళూ కలిపేసుకున్నారు. టెస్ట్‌లో సగం అక్కడితో పోయింది! ఆ తర్వాత 1950లు, 60లలో ఇదంతా కమ్యూనిస్టుల కుట్ర అన్నవాళ్ళు కూడా బయల్దేరారు. స్టాన్లీ కుబ్రిక్ 1964లో తీసిన 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్'లో ఒక సైన్యాధికారికి పట్టిన పిచ్చి ఇదే. అది పక్కన పెడదాం, మన కథ కాల్గరీ.

కాల్గరీ జనం ఈ ప్రశ్న మీద ఎన్నిసార్లు ఓటేశారో చూడండి. 1957లో వద్దన్నారు. 1961లో వద్దన్నారు. 1966లో, 1971లో మళ్ళీ వద్దన్నారు. 1989లో తక్కువ మెజారిటీతో సరే అన్నారు, 1991లో కలపడం మొదలైంది. 1998లో ఇంకోసారి అడిగితే మళ్ళీ ఉంచమన్నారు. మూడు గంటల దూరంలో ఉండే ఎడ్మంటన్ మాత్రం 1967 నుంచే కలుపుతోంది. ఎడ్మంటన్ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 2011 ఫిబ్రవరి. అంతకు నాలుగు నెలల ముందే కొత్త కౌన్సిల్ వచ్చింది, మేయర్ నహీద్ నెన్షీ. ఫ్లోరైడ్ కలిపే మెషీన్లు పాతబడ్డాయి. మార్చాలంటే దాదాపు 60 లక్షల డాలర్లు కావాలి. అది కాక నడపడానికి ఏడాదికి సుమారు ఏడున్నర లక్షలు. డ్రూ ఫారెల్ అనే కౌన్సిలర్ ఆపేద్దామని ప్రతిపాదించి ముందుండి నడిపించారు. ఓటింగ్ 10-3. ఆపేయాలన్నదే గెలిచింది. మే నెలకల్లా కలపడం ఆగిపోయింది.

ఈ పది మందిని మూర్ఖులు అనేయడం ఈజీ. సోషల్ మీడియాలో అలా అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ వాళ్ళ వాదనలు విడివిడిగా చూస్తే కొన్నింటికి నిజంగానే బరువుంది.

ఒకటి, అనుమతి. మందు అనేది ఎవరికి వాళ్ళు, డాక్టర్ని అడిగి, ఇష్టపడి వేసుకునేది. కుళాయిలో కలిపితే ఆ చాయిస్ పోతుంది. పసిపాపకీ అదే, కిడ్నీ జబ్బున్న తాతగారికీ అదే. ఒక్కొక్కరు ఎన్ని నీళ్ళు తాగుతారో ఎవరూ కొలవరు. ఈ వాదనని నేను కొట్టిపారేయలేను. రెండోది డబ్బు. ఊరంతా వాడే నీళ్ళలో తాగేది కొంచెమే, మిగతాది బట్టలకి, టాయిలెట్‌కి, గార్డెన్‌కి. ఆ డబ్బేదో నేరుగా పేద పిల్లల పళ్ళ వైద్యానికి ఇస్తే మేలు కదా అన్నారు. వినడానికి లాజిక్ బాగానే ఉంది. మూడోది, ఆరోగ్యం అనేది రాష్ట్ర ప్రభుత్వం పని, సిటీ ఎందుకు మోయాలి అన్నది. ఇది మాత్రం మనకి బాగా తెలిసిన పాట. రోడ్డు మీద గుంత ఆర్ అండ్ బీదా మున్సిపాలిటీదా అని తేలేలోపు బండి చక్రం వంగిపోతుంది.

నాకు ఇబ్బంది అనిపించేది ఇంకో దగ్గర. అంతకు ముందు ఆరుసార్లు జనాన్ని అడిగిన ప్రశ్న ఇది. ఏడోసారి మాత్రం అడగలేదు, కౌన్సిలే తేల్చేసింది. ఇంకా ముఖ్యంగా, ఆపేశాక ఏం జరుగుతుందో కొలవడానికి ప్లాన్ ఏదీ ఆ నిర్ణయంలో భాగం కాలేదు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లో చిన్న ఫీచర్ ఆఫ్ చేయాలన్నా ముందు మానిటరింగ్ పెట్టేవాళ్ళం. ఇక్కడ పది లక్షల మంది తాగే నీళ్ళు.

ఆ కొలిచే పని కాల్గరీ యూనివర్సిటీలో లిండ్సే మెక్‌లారెన్ అనే రీసెర్చర్, ఆమె టీమ్ చేశారు. వాళ్ళకి రెడీమేడ్‌గా ఒక కంట్రోల్ గ్రూప్ దొరికింది. అదే ఎడ్మంటన్. ఒకే రాష్ట్రం, దగ్గర దగ్గర ఒకే సైజు, ఒకే హెల్త్ సిస్టమ్. ఒక ఊళ్ళో ఫ్లోరైడ్ ఉంది, ఇంకో ఊళ్ళో ఆగింది. రెండో తరగతి పిల్లల పళ్ళు చూశారు. 2016లో వచ్చిన మొదటి స్టడీలోనే పాలపళ్ళ పుచ్చు కాల్గరీలో ఎక్కువ పెరిగినట్టు కనిపించింది. అప్పుడే తొందరపడొద్దు, టైమ్ సరిపోలేదు అన్నవాళ్ళున్నారు. అందుకే 2018-19లో మళ్ళీ చూశారు. ఈసారి ఆ పిల్లల్లో చాలామంది పుట్టిన దగ్గర్నుంచీ ఫ్లోరైడ్ కలపని నీళ్ళు తాగినవాళ్ళు. కాల్గరీలో 64.8 శాతం మంది పిల్లల పాలపళ్ళకి పుచ్చు ఉంది, ఎడ్మంటన్‌లో 55.1 శాతం.

ఈ నంబర్లని రెండు వైపుల నుంచీ చదవాలి. ఫ్లోరైడ్ ఉన్న ఎడ్మంటన్‌లో కూడా సగానికి పైగా పిల్లలకి పుచ్చు ఉంది, అంటే ఇదేం మంత్రజలం కాదు. కానీ పది శాతం దగ్గర తేడా అంటే ఒక పెద్ద సిటీలో వేల మంది పిల్లలు. పిప్పి పన్ను నొప్పికి రాత్రంతా ఏడ్చే పిల్లాణ్ణి చూసినవాళ్ళకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. డబ్బున్న ఇంట్లో పిల్లాడికి డెంటిస్ట్ ఉంటాడు. లేని ఇంట్లో కుళాయి ఒక్కటే ఉంటుంది.

ఈ లెక్కలు చుట్టుముట్టాక కౌన్సిల్ 2019లో యూనివర్సిటీలోని ఓబ్రయన్ ఇన్‌స్టిట్యూట్‌ని సైన్స్ ఏం చెప్తోందో రిపోర్ట్ ఇవ్వమంది. తర్వాత తామే తేల్చకుండా, 2021 అక్టోబర్ 18 ఎన్నికల్లో జనాన్నే అడగాలని నిర్ణయించింది. మేయర్, కౌన్సిలర్లు, పైగా ఏడాదికి రెండుసార్లు గడియారం మార్చాలా వద్దా అనే రాష్ట్రం ప్రశ్న, వీటన్నిటి మధ్య ఫ్లోరైడ్. 62 శాతం మంది కలపమన్నారు. అదే రోజు మేయర్‌గా గెలిచింది జ్యోతి గోండెక్, మన పంజాబీ మూలాలున్న ఆవిడ. కొన్ని వారాల్లోనే కొత్త కౌన్సిల్ సరే అనేసింది.

అయితే స్విచ్ వేస్తే అయిపోతుందా? అవ్వలేదు. గ్లెన్‌మోర్, బేర్స్‌పా అని రెండు ప్లాంట్లు ఉన్నాయి. పాత సిస్టమ్ పోయింది, అంతా మళ్ళీ కట్టాలి. కోవిడ్ తర్వాత రేట్లు పెరిగాయి, సామాను లేటు అయింది. చివరికి బిల్లు 2 కోట్ల 81 లక్షల డాలర్లు. మన లెక్కలో 170 కోట్ల రూపాయల దాకా. ఇంకా నడపడానికి ఏడాదికి దాదాపు 10 లక్షల డాలర్లు. 60 లక్షలు మిగిల్చడానికి ఆపింది ఇది. అన్ని ఏళ్ళ నిర్వహణ ఖర్చు మిగిలిందిగా అని ఆపినవాళ్ళు అనొచ్చు, అదీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయినా ఆఫ్ చేసిన సర్వర్ని అమ్మేశాక మళ్ళీ కొనడం ఎంత అవుతుందో మన ఇండస్ట్రీ వాళ్ళకి తెలుసు.

ఫ్లోరైడ్ వద్దనేవాళ్ళ దగ్గర ఇప్పుడు పాత కుట్ర కథల కంటే గట్టి విషయాలే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల ఐక్యూ తగ్గడానికి సంబంధం కనిపిస్తోందని, 0.7 దగ్గర చెప్పడానికి డేటా చాలదని అందులో ఉంది. నల్గొండ పిల్లలు తాగింది ఆ 1.5కి పైనున్న నీళ్ళే, అది గమనించండి. అదే ఏడాది కోక్రేన్ రివ్యూ, అందరూ ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ వాడుతున్న ఈ రోజుల్లో నీళ్ళలో కలపడం వల్ల వచ్చే లాభం ఒకప్పటికంటే తక్కువే అంది. నన్నడిగితే 0.7 దగ్గర కలపడమే మేలు అంటాను. కానీ ఎదుటివాడు ప్రశ్న అడిగే హక్కుని సైన్స్ పేరు చెప్పి నొక్కేయకూడదు.

మన దగ్గర ఈ ప్రశ్న కౌన్సిల్ హాల్లో నడవలేదు. మద్రాస్ ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు సంగతి 1937లోనే డాక్టర్ల పత్రికకెక్కింది. ఫ్లోరైడ్ తీసేయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నాగపూర్ నీరి సంస్థ పెట్టిన పేరు 'నల్గొండ టెక్నిక్'. అంటే ఊరి పేరు సైన్స్ పుస్తకాల్లోకి ఎక్కింది, నీళ్ళు మాత్రం ఊళ్ళోకి రాలేదు. విసిగిపోయి 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి ఒక పని చేసింది. ఆ ఊళ్ళవాళ్ళతో వందల్లో నామినేషన్లు వేయించింది. నల్గొండ బరిలో మొత్తం 480 మంది! బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది. గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం గారు. అలాంటి పోటీలు మళ్ళీ జరగకుండా ఆ ఏడాదే చట్టం మార్చి, లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10,000 చేశారు. నీళ్ళు రావడానికి మాత్రం ఇంకా ఎన్నో ఏళ్ళు పట్టింది. మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లో పెట్టింది 2015లో.

తిరిగి కాల్గరీ. 2025 జూన్ 30న అక్కడి నీళ్ళలో మళ్ళీ ఫ్లోరైడ్ కలపడం మొదలైంది. సరిగ్గా మర్నాడు, జూలై 1న, అమెరికాలోని ఫ్లోరిడాలో ఏ ఊరూ కలపకూడదనే రాష్ట్ర చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ లోకల్ లీడర్ల చేతిలోంచి ఈ ప్రశ్ననే లాగేసుకున్నారు. ఇక కాల్గరీలో 2011లో ఆపిన ఏడాది పుట్టిన పిల్లలకి 2025లో 14 ఏళ్ళు. పాలపళ్ళు ఎప్పుడో ఊడిపోయాయి. 2021లో జనం ఓటేసిన రోజున వాళ్ళకి పదేళ్ళు.

480 నామినేషన్ల కథ ఫుల్ ఎపిసోడ్‌గా కావాలంటే కామెంట్స్‌లో చెప్పండి. మీ ఇంటి బోరు నీళ్ళు ఎప్పుడైనా టెస్ట్ చేయించి ఉంటే, ఫ్లోరైడ్ ఎంత వచ్చిందో అది కూడా రాయండి.