సూప్ డబ్బాల నుంచి రేసు దాకా

2009 జూన్ 12న ఐల్ ఆఫ్ మ్యాన్ రోడ్ల మీద తొలిసారి ఎలక్ట్రిక్ మోటార్‌సైకిళ్ల పందెం జరిగింది. ఒక్కటే చుట్టు, సుమారు 60 కిలోమీటర్లు. సుజుకి బండిలో ఇంజను తీసేసి రెండు అగ్ని మోటార్లు బిగించిన బండి గెలిచింది. రాబ్ బార్బర్ సగటున గంటకు 140 కిలోమీటర్ల వేగంతో నడిపాడు. ఆ మోటార్ల కంపెనీ మన గుజరాత్‌లోనిదే! వాటి సృష్టికర్త సెడ్రిక్ లించ్ ఇంగ్లండువాడు, ఇంజనీరింగ్ డిగ్రీ లేనివాడు. ఖాళీ సూప్ డబ్బాలను చదును చేసి, ఆ రేకులతో తొలి మోటారు కట్టాడు. మన స్కూలు లాబ్‌లో మోటారు డోలులా ఉండేది, గుర్తుందా? ఇతనిది పళ్లెంలా పలచన. అందుకే బరువు తక్కువ. అదే వారం అదే దారిలో పెట్రోలు బండ్లు 210 దాటాయి. ఆ తేడా చూసి పెదవి విరిచిన ఇంజనీర్లలో నేనూ ఒకణ్ణి.