పాత కంప్యూటర్లో ఉండిపోయిన ఇందూరు

కొత్త కంప్యూటర్ కొంటే డీటీపీ షాపులో పండుగే అనుకుంటారు చూసేవాళ్లు. మాకు మాత్రం ఆ వారమంతా గుబులే. ఇంట్లో కంప్యూటర్ మార్చడం తేలిక, ఫొటోలూ పాటలూ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే పనైపోతుంది. ఇందూరు అని మేం పిలుచుకునే నిజామాబాద్‌లో మా షాపులో ఉన్నది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కొట్టిన తెలుగు. ఫైలు ఒక్కటే పట్టుకుపోతే కొత్త మిషన్ మీద అది తెలుగుగా తెరుచుకోదు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. విండోస్‌లో తెలుగు కుదురుకున్నది మాత్రం 2001లో ఎక్స్‌పీ, దానితోపాటు గౌతమి ఫాంటు వచ్చాకే. పెళ్లి కార్డులు, పాంప్లెట్ల పని అంతదాకా ఆగలేదు. అను, శ్రీలిపి తయారుచేసినవాళ్లు ఇంగ్లిష్ అక్షరాలుండే గళ్లలోనే తెలుగు ముక్కలు సర్దారు. తలకట్టుకో గడి, గుడికో గడి, ఒత్తులకు మరికొన్ని. మేం ‘రాష్ట్రం’ అని కొడితే కంప్యూటర్ లోపల దాచుకునేది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల వరుస. ఫాంటు ఉన్నంతసేపే అది రాష్ట్రం. ఫాంటు పోతే పిచ్చిరాతే. అనులో కొట్టింది శ్రీలిపిలో చదవరాదు. అను 6లో కొట్టింది అను 7లో కూడా సరిగ్గా రాదు.

అందుకే మిషన్ మారిస్తే ఫైళ్ల వెంట ఫాంట్లు, స్క్రిప్ట్ మేనేజర్, ప్రింటర్ డ్రైవర్, కీబోర్డు సెట్టింగు అన్నీ తరలాలి. మాలో చాలామంది నేర్చుకున్నది ఆపిల్ లేఅవుట్. అది లేని కంప్యూటర్ ముందు కూర్చోబెడితే ఎంత అనుభవమున్న ఆపరేటరైనా ‘అమ్మ’ అని కొట్టడానికి వెతుక్కోవాల్సిందే.

మొదట్లో మోసుకెళ్లింది ఫ్లాపీల్లో. 1.44 ఎంబీ. ఒక్క ఫొటో స్కాన్ చేసి పెట్టిన పాంప్లెట్ కూడా అందులో పట్టేది కాదు. ఫైలును ముక్కలు చేసి వరుసగా ఫ్లాపీల్లో వేసేవాళ్లం. వాటిలో ఏ ఒక్కటి చెడినా మిగతావన్నీ దండగే. ఆ తర్వాత హార్డ్‌డిస్కునే విప్పి పట్టుకుపోయే కాలం వచ్చింది. డిస్కు వెనక పిన్నుల మీద గోటిలో సగం కూడా లేని జంపర్ ఉండేది. దాన్ని చిమటాతో పీకి మాస్టర్ నుంచి స్లేవ్‌కు మార్చి, వెడల్పాటి బూడిదరంగు కేబుల్ తగిలించి, తెర మీద రెండు డిస్కుల పేర్లూ కనబడేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లం. సాటా కేబుళ్లతో జంపర్ తిప్పలు పోయాయి, వేరే తిప్పలు వచ్చాయి. కొన్ని తెలుగు సాఫ్ట్‌వేర్లకు ప్రింటర్ పోర్టుకు బిగించే లాక్ ఉండేది. కొత్త మదర్‌బోర్డుల్లో ఆ పోర్టే లేదు. 64 బిట్ విండోస్ మీద 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు. ఇక పాత ఫైలు తెరవగానే ఫలానా ఫాంటు లేదు, బదులుగా ఇది పెడుతున్నానంటూ పేజ్‌మేకర్ ఒక పట్టిక చూపిస్తుంది. ఆ పట్టిక కనబడితే ఇప్పటికీ నా గుండె జారిపోతుంది.

ఎందుకంటే ఆ ఫైళ్లలో మా జిల్లా ఉంది. నిజాంసాగర్ నీళ్లతో చెరకు, ఆ చెరకుతో బోధన్‌లో నిజాం షుగర్స్ పెరిగాయి. 1937లో పుట్టిన ఆ సంస్థ 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. ఈ ఏళ్లన్నిటా కార్మికులూ చెరకు రైతులూ వినతిపత్రాలు కొట్టించుకుంటూనే ఉన్నారు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చే బోధన్ శక్కర్‌నగర్ పెద్దమనిషి ఒకాయన, “బిడ్డా, నిరుటిది ఉంది గదా, మంత్రి పేరు, తారీఖు మార్చి ఇయ్యి” అనేవాడు. బకాయిల లెక్క, కోరికలు మాత్రం మారేవి కావు. ఆ ఫైలు తెరిస్తే మార్జిన్లతో సహా ఆయన కష్టం నాకు కళ్లముందు కనిపిస్తుంది.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా విడిపోయినప్పుడు బాన్సువాడ, నిజాంసాగర్ వైపు లెటర్‌హెడ్లన్నీ ఈ పాత ఫైళ్లు తెరిచే మార్చాం. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ చేశారు. అందులో ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. అప్పుడు కొట్టిన కరపత్రాలు ఇంకా మా డిస్కులో ఉన్నాయి. కరపత్రాన్ని చదివినవాళ్లు పారేస్తారు. దాని అసలు ప్రతి మిగిలేది కొట్టిన షాపులోనే.

ఇప్పుడు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మండలి, గిడుగు, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పెళ్లి కార్డులకు అను ఫాంట్ల సొగసే కావాలనేవాళ్లతో నాకు పేచీ లేదు, కార్డు కొట్టుకోండి. దాచుకునే రాతను మాత్రం యూనికోడ్‌లోకి మార్చి తీరాలని నా మాట. మార్చి ఊరుకుంటే కూడా చాలదు. కన్వర్టర్‌కు ఏది తెలుగో ఏది ఇంగ్లిషో తెలియదు. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటల్ని కూడా తెలుగు ముక్కలుగా మార్చేస్తుంది, ఒత్తులు అటూఇటూ చేస్తుంది. పాత మిషన్ మీద తీసిన ప్రింటు పక్కన పెట్టుకుని వరుస వరుసా సరిచూడాలి. సర్వే నంబర్లు, బకాయి మొత్తాలు ఉన్నచోట రెండోసారి చూడాలి.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఊళ్లో షాపులు మళ్లీ మిషన్లు మారుస్తున్నాయి, పాతవి తుక్కుకు పోతున్నాయి. బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని వైపు సంఘాలవాళ్లకు, పుస్తకాలు వేయించుకున్న రచయితలకు నా విన్నపం ఇదే. మీరు కొట్టించుకున్న షాపుకు ఓసారి పోయి మీ ఫైళ్లు అడగండి. ఫైలుతోపాటు ఫాంటు పేరు, అది అను 6నో 7నో రాయించుకోండి. పాత మిషన్ నడుస్తుండగానే ఒక ప్రింటు తీయించుకోండి.