మూలాలు, భిన్నాలు ఉన్న ప్రమేయాల అవకలనం

వర్గమూలం, భిన్నం కలిసి కనిపించగానే కొత్తగా నేర్చుకునేవారు భాగహార సూత్రం వైపు పరుగెత్తుతారు. ముందు చేయాల్సింది వాటిని ఘాతాలుగా మార్చి రాయడం. 1684లో లైబ్నిజ్ తన తొలి కలన వ్యాసం శీర్షికలోనే, ఈ పద్ధతికి భిన్నాలూ కరణులూ అడ్డు కావని చెప్పుకున్నాడు. ఎక్స్‌కు 1 కలిపి, మొత్తాన్ని ఎక్స్ వర్గమూలంతో భాగించామనుకుందాం. విడదీస్తే అది ఎక్స్ ఘాతం 1/2, ఎక్స్ ఘాతం −1/2ల మొత్తం. ఒక్కో ఘాతాంకాన్ని గుణకంగా ముందుకు తెచ్చి, ఘాతంలోంచి 1 తీసేస్తే చాలు. ఎక్స్ విలువ 4 దగ్గర అవకలజం 1/4 − 1/16, అంటే 3/16. తప్పు దొర్లేది ఘాతంలోంచి 1 తీసేసే చోటే: −1/2లోంచి 1 పోతే −3/2 రావాలి, తొందరలో 1/2 అని రాసేస్తారు. అది కలనం రాకపోవడం కాదు, హైస్కూలు భిన్నాల పాత బాకీ.

భాగహార సూత్రంతోనూ 3/16 వస్తుంది కదా అనవచ్చు. వస్తుంది, కాని సూక్ష్మీకరణ పెరిగి పొరపాటుకు చోటిస్తుంది. హారంలో ఎక్స్‌కు 1 కలిసి ఉంటే మాత్రం ఇలా విడదీయడం కుదరదు. ఆ సూత్రం పనికొచ్చేది అక్కడే.