కువైట్ సెలవుల పుట్టుపూర్వోత్తరాలు

కువైట్‌లోని ఇండియన్ స్కూళ్లకు ఎండాకాలం సెలవులు జూన్ వచ్చాకే మొదలవుతాయి. మన ఆంధ్రాలో జూన్ 12కే బళ్లు తెరిచేస్తారు. కువైట్‌లో పెరిగే తెలుగు పిల్లలు అమ్మమ్మగారి ఊరు చేరేసరికి బంగినపల్లి కాపు అయిపోయి, చెట్ల మీద నీలం కాయలే మిగులుతాయి. ఆడుకుందామంటే పెద్దమ్మ పిల్లలు, మేనమామ పిల్లలు పుస్తకాల సంచులు తగిలించుకుని బడికి పోయి ఉంటారు. సాయంత్రం నాలుగున్నర దాకా అరుగు మీద కూర్చుని వాళ్ల కోసం ఎదురుచూడటమే ఆ పిల్లల సెలవుల్లో సగం.

ఈ తేడాకు మూలం ఆ దేశపు ఎండ. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ మొదటి నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకు బయట పని చేయించకూడదని అక్కడ నిబంధన ఉంది. మన పిల్లలకు ఎండలు తగ్గాక బళ్లు తెరిస్తే, అక్కడ ఎండలు ముదిరాక మూస్తారు.

కువైట్‌కూ మనకూ మధ్య రాకపోకల చరిత్ర విమానాలకన్నా పాతది. 1946లో కువైట్ నుంచి చమురు ఎగుమతి మొదలైంది. బొంబాయి నుంచి బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు కరాచీ, మస్కట్, బహ్రెయిన్ తాకుతూ కువైట్‌కు వెళ్లేవి. వాటిలో చివరిదైన ద్వారకా ఓడ 1982 దాకా నడిచింది. 1961లో దినార్ వచ్చేవరకు కువైట్ బజారులో చెలామణి అయింది రూపాయే. 1973 తర్వాత చమురు ధర పెరిగి, ఇళ్లు, రోడ్లు, ఆసుపత్రులు ఒక్కసారిగా లేచాయి. వాటితోపాటు మనుషుల అవసరమూ పెరిగింది. కోనసీమ నుంచి వెళ్లారు, కడప జిల్లా నుంచి వెళ్లారు. కడప వైపున్న కోడూరు, రాజంపేట, నందలూరు మద్రాసు–బొంబాయి రైలు మార్గంలో ఉన్న ఊళ్లు. కరువు సీమలో పుట్టినవాళ్లకు బొంబాయి రైలు ఇంటి ముందే ఆగడం చిన్న విషయం కాదని నా నమ్మకం.

అయితే వెళ్లినవాళ్లంతా పిల్లలను వెంట తీసుకుపోగలిగినవాళ్లు కారు. కుటుంబాన్ని పిలిపించుకునే వీసాకు జీతం హద్దు ఉంది. ఒకప్పుడు నెలకు 250 దినార్లు. 2016లో 450 చేశారు, 2019లో 500, 2024లో 800. డ్రైవరుకు, వంటమనిషికి, అరబ్బు ఇంట్లో పనికి కుదిరిన ఆడమనిషికి అది అందని మాట. ఇంటిపని వీసా మీద పోయినవాళ్లకు రెండేళ్ల ఒప్పందం. ఆ రెండేళ్లు నిండితే టికెట్టు, ఇంటి ముఖం. 2010 నాటి కార్మిక చట్టం మిగతావాళ్లకు ఏడాదికి ముప్పై రోజుల సెలవు ఇచ్చినా ఇంటిపనివాళ్లను లెక్కలోకి తీసుకోలేదు. వాళ్లకంటూ చట్టం 2015లో గానీ రాలేదు. మన ఊళ్లలో ‘రెండేళ్లకోసారి’ అనే మాట ఇంతగా నాటుకుపోయిందంటే దాని వెనుక ఉన్నది ఆ ఒప్పంద కాగితమే.

అందుకే రాయచోటి, రాజంపేట పల్లెల్లో పెరిగినవాళ్ల సెలవు జ్ఞాపకాలకు ఒక కాలమంటూ ఉండదు. ఒప్పందం ఎప్పుడు ముగిస్తే అమ్మ అప్పుడు వచ్చేది. ఒకరికి సంక్రాంతి ముందు, ఇంకొకరికి నాట్ల వేళ, మరొకరికి సరిగ్గా అర్ధసంవత్సర పరీక్షల మధ్యలో. బడికి రెండు రోజులు నాగా పెట్టి, మూడో రోజు కొత్త పెన్సిల్ డబ్బాతో పోతే అయ్యవారు కారణం అడిగేవారు కాదు.

అమ్మ తెచ్చిన పెట్టె విప్పే సాయంత్రం అందరికీ గుర్తే. నైలాన్ తాడుతో గళ్లుగళ్లుగా బిగించిన అట్టపెట్టె, మీద మార్కరుతో పేరు, ఊరు, జిల్లా. తాడు కోయనివ్వరు, ముడి విప్పాల్సిందే, దండేనికి పనికొస్తుంది. పైన మందపాటి దుప్పటి, దాని మడతల్లో గాజు సామాను. నీడో పాలపిండి డబ్బాలు, టాంగ్, టైగర్ బామ్, సెంటు సీసాలు. అడుగున పిల్లల బట్టలు. కొలత తెలియక రెండేళ్ల కిందటి ఒంటిని మనసులో పెట్టుకుని కొన్నవి, చాలావరకు పొట్టివి. వాటిని చేతిలో పట్టుకుని బిడ్డ భుజాల కేసి చూసే ఆ తల్లి ముఖం గురించి ఎంత చెప్పినా తక్కువే. చిన్నపిల్లలైతే దగ్గరికే రారు, అవ్వ కొంగు పట్టుకుని దూరంగా నిలబడతారు. చనువు కుదిరేసరికి తిరుగు ప్రయాణం టికెట్టు తేదీ దగ్గరపడుతుంది.

1990లో ఎండాకాలం సెలవులే చాలామందిని కాపాడాయి. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేనాటికి స్కూళ్లకు సెలవులు. ఎన్నో కుటుంబాలు ఇండియాలోనే ఉన్నాయి. ప్రాణాలు దక్కాయి గానీ ఇల్లు, బ్యాంకు పొదుపు, పిల్లల మార్కుల జాబితాలు అక్కడే ఉండిపోయాయి. అక్కడ చిక్కుకున్నవాళ్లు ఇరాక్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి లక్ష మందికి పైగా వెనక్కి తెచ్చింది. ఆనాటి పిల్లలకు ఇప్పుడు నలభై దాటాయి. వాళ్లకు ఆ ఏడాది సెలవులు ఎన్నటికీ పూర్తికాలేదు, చాలామంది ఇక్కడి బళ్లలోనే చేరిపోయారు.

కరోనాలోనూ అదే జరిగింది. 2020 ఆగస్టు నుంచి ఏడాదికి పైగా ఇండియా నుంచి నేరుగా వెళ్లే దారి మూసుకుపోయింది. నెల సెలవుకు వచ్చినవాళ్లు నెలల తరబడి ఊళ్లో ఉండిపోయారు. స్తోమత ఉన్నవాళ్లు దుబాయ్‌లో పద్నాలుగు రోజులు ఉండి వెళ్లారు. జీతం ఆగిపోయింది, అప్పు పెరిగింది. అయినా ఆ ఇళ్లలోని పిల్లలు తల్లితోనో తండ్రితోనో వరుసగా అన్ని నెలలు గడిపింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు వీడియో కాల్ ఉంది, బిడ్డ ఎంత ఎత్తు పెరిగిందో రోజూ కనిపిస్తుంది, బట్టల కొలత తప్పదు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. కానీ 2025 జులై 1 నుంచి ప్రైవేటు సంస్థల్లో పనిచేసే విదేశీయులు కువైట్ దాటాలంటే యజమాని అనుమతి ముందే ఆన్‌లైన్‌లో పొందాలి. టికెట్టు చౌకగా దొరికినప్పుడే కొనుక్కున్నా, ఆ అనుమతి వచ్చేదాకా ఇంటికి ఫోన్ చేసి తేదీ చెప్పడానికి లేదు.