తాత రూళ్ళకర్ర, నా ప్లస్ గుర్తు

మా తాత కరణీకం చేసింది ఉదయగిరి తాలూకాలోని ఒక మెట్ట ఊళ్ళో. ఆయన పోయాక నా వాటాకు వచ్చినవి రెండే: చెమటకు నల్లబడ్డ రూళ్ళకర్ర, ఎర్రగుడ్డలో చుట్టిన సొంత చిట్టా. సర్కారు లెక్కలకు అచ్చు ఫారాలుండేవి. ఈ చిట్టా మాత్రం ఆయన చేత్తో గీసుకున్నది. సర్వే నంబరుకు బొటనవేలంత కాలమ్, విస్తీర్ణానికి రెండు వేళ్ళు, పట్టాదారు పేరుకు బెత్తెడు. చివరి కైఫియత్తు కాలమ్‌కు మిగిలిన పేజీ అంతా.

ఒక పేరు కింద నాలుగు వరసలు ఖాళీగా వదిలేసి ఉంటే, ఎందుకని అడిగా చిన్నప్పుడు. "ఆయనకు ముగ్గురు కొడుకులురా అబ్బాయ్. రేపు పంచుకుంటే యాడ రాయాల?" అన్నాడు. 112 చీలి 112/1, 112/2 అవుతుంది. మనవళ్ళ కాలానికి 112/2 కూడా చీలుతుంది. ఊరి సంగతి తెలిసినవాడు కాబట్టి ఇంకా పుట్టని వరసలకు కూడా ముందే చోటు ఉంచాడు.

జిల్లా, తాలూకా, గ్రామం, సర్వే నంబరు, సబ్ డివిజను: రెవెన్యూ లెక్క మొదట్నుంచీ కొమ్మలు వేసే చెట్టే. ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కనే అచ్చయిన సెటిల్‌మెంటు రిజిస్టరును మావాళ్ళు ఇప్పటికీ డైగ్లాట్ అనే అంటారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చు వేయించినప్పుడు కూడా తాలూకాల వారీగానే పేర్చారు. ఆత్మకూరుది ఒక కొమ్మ, ఉదయగిరిది ఇంకో కొమ్మ. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. రెవెన్యూ సంవత్సరాల లెక్కప్రకారం అది 1393 ఫసలీ. తాత చిట్టాలో ఆ ఫసలీ పేజీకి గీతలున్నాయి, అక్షరాలు లేవు.

కాగితం నుంచి తెరకు వచ్చిన గళ్ళకు వేరే చరిత్ర ఉంది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ చేసిన విజిక్యాల్క్‌లో వెడల్పు మార్చితే అన్ని కాలమ్‌లూ ఒకేసారి మారేవి. ఊళ్ళో అందరికీ ఒకే కొలత చొక్కా కుట్టినట్టన్నమాట! 1983లో వచ్చిన లోటస్ 1-2-3లో దేని వెడల్పు దానికి విడిగా పెట్టుకునే వీలుండేది. తర్వాతి రోజుల్లో గీతమీద రెండుసార్లు నొక్కితే చాలు, లోపలున్న మాటను కొలుచుకుని కాలమే సర్దుకునేది. 2005లో వచ్చిన మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ గ్రిడ్‌లోనైతే, కనిపించే గడుల్నే కొలవాలా, అన్నిటినీ కొలవాలా అని ప్రోగ్రామరే తేల్చి చెప్పాలి.

ఆ గ్రిడ్‌తోనే ఆత్మకూరు బస్టాండు దగ్గరి ఒక దస్తావేజు రైటరు గారికి చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. ఊరి పేరు పక్కన ప్లస్ గుర్తు. నొక్కితే సర్వే నంబర్లు, ఇంకో ప్లస్ నొక్కితే సబ్ డివిజన్లు. వెడల్పు దానంతటదే సర్దుకునేలా పెట్టి, మురిసిపోయాను కూడా.

మొదటి తప్పు, మాట పొడవును కోడ్ అక్షరాలు లెక్కేసి కట్టడం. 'లక్ష్మి' కంటికి రెండక్షరాలు, యూనికోడ్‌కు ఏడు. సగం కాలమ్ ఖాళీగా ఆవలిస్తూ కూర్చుంది. దాన్ని గౌతమి ఫాంటులో పిక్సెళ్ళు కొలిచి దారికి తెచ్చాను. రెండోది మొండిది. మెషీను కొలిచింది అప్పటికి తెరుచుకున్న వరసల్నే. ప్లస్ నొక్కితేగాని కింది వరసలు పుట్టవు. పుట్టని వాటిని ఎక్కడ కొలుస్తుంది? పైగా ఒక్కో మెట్టు దిగేకొద్దీ పేరు కుడికి జరుగుతుంది, ఆ జరుగుడును నేను లెక్కలో కలపలేదు. మూడో మెట్టులో వేంకటసుబ్బమ్మ కాస్తా 'వేంకటసు' దగ్గర తెగింది.

సరే, నొక్కినప్పుడల్లా మళ్ళీ కొలవమన్నాను. రెండు రోజులకు రైటరు గారు కబురంపారు. కళ్ళజోడు పైకి నెట్టి, తెరమీద ఒక నంబరు మీద వేలు పెట్టి, రెండో చేత్తో ప్లస్ నొక్కారు. కాలమ్‌లన్నీ కుడికి జరిగాయి, వేలు వేరే గడి మీద పడింది.

"ఏంది అబ్బయ్యా ఇది? తలుపు తీసినప్పుడల్లా ఇల్లు కదిలితే ఎట్టా?"

ఆయన మాటే నిజం. కాలమ్ ఇరుకైనా కన్ను ఓర్చుకుంటుంది గాని, చోటు మారితే ఓర్చుకోదు. ఇంటికొచ్చి చిట్టా విప్పి, తాత కాలమ్‌లను స్కేలుతో కొలిచి, ఆ పాళ్ళలోనే వెడల్పులు కట్టేశాను. అవసరమైతే పెరగొచ్చు, కొమ్మ మూసినా మళ్ళీ తగ్గకూడదు, పేజీలో సగం దాటకూడదు. 2015లో ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమి వచ్చి అడంగళ్ళు ఎవరి ఫోనులోకి వాళ్ళకు చేరినా, రైటరు గారు తన పాత దస్తావేజులకు దీన్నే వాడారు.

అంత చేసినా పట్టని పేర్లు కొన్ని మిగిలాయి. వాటికి మౌస్ ఆనిస్తే పూర్తి పేరుతో లేత పసుపు చీటీ పైకి తేలేలా పెట్టాను. తాత చిట్టాలో నలభయ్యో పేజీలోనూ అలాంటి చీటీయే ఉంది, అన్నం మెతుకుతో అతికించింది. ఒక మూల ఊడి, ఇప్పటికీ గాలికి లేస్తుంది.